అరుగుమీది అపరాధ పరిశోధన

డిటెక్టివ్ కథలు రాసే మనిషికి అభ్యుదయ సాహిత్యంలో చోటుందా అని మిత్రులు కొందరు అడుగుతున్నారు. అడగటంలో కొంత వేళాకోళం లేకపోలేదుగాని, ప్రశ్న మాత్రం అడగవలసిందే. పగలు కాలేజీలో తిక్కననూ గురజాడనూ పాఠం చెప్పి, సాయంత్రం ఇంటికి వచ్చి, కాసులపేరు ఎవరు కాజేశారు, చేపల వల ఎవరు కోశారు అని అల్లుకుంటూ కూర్చునేవాడు ఎవరికి పనికివచ్చే పని చేస్తున్నట్టు?

తేలికైన జవాబులు లేకపోలేదు. ‘త్వమేవాహం’ రాసిన ఆరుద్రే ‘పలకల వెండిగ్లాసు’ కూడా రాశాడు అనవచ్చు. ముసోలినీ జైల్లో ఉన్న గ్రాంసీ తన నోటుపుస్తకాల్లో డిటెక్టివ్ నవల గూర్చి ఆలోచించాడనీ, బ్రెహ్ట్ ఆ నవలలను ఇష్టంగా చదవటమే కాక వాటి ఆకర్షణమీద వ్యాసం రాశాడనీ చెప్పవచ్చు. కాని పెద్దల పేర్ల చాటున దాక్కోవటం వాదం కాదు. ఆరుద్ర రాశాడు గనక డిటెక్టివ్ నవల మంచిదే అయితే, ఆరుద్ర రాసిన సినిమా పాటలన్నీ మంచివేనని కూడా ఒప్పుకోవలసి వస్తుంది.

తెలుగులో యీ తరహా కథ నిన్నమొన్నటిది కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లోనే వంగభాషనుంచి పాంచకడీ దేవ్ నవలలు మనకు దిగుమతి అయినాయి. 1950, 60 దశకాల్లో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌నూ, అతని అసిస్టెంటు రాజునూ ఎరగని అద్దె పుస్తకాల షాపు ఉండేది కాదు. పండితులు ముట్టని ఆ పుస్తకాలు ఎంతోమందికి చదివే అలవాటు చేశాయి. ఆ మేలు మనం ఒప్పుకోవాలి. అయితే వాటిలోది పట్నం లోకం: కార్లు, పిస్తోళ్లు, బంగళాలు, అర్ధరాత్రి టెలిఫోన్లు. నేను రాసేది ఆ రకం కాదు. నా కథల్లో పిస్తోలు పేలదు, రక్తం పెద్దగా కారదు. ఒక ఊరు ఉంటుంది. ఆ ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. ఏదో ఒకటి పోతుంది, లేదా ఎవరో ఒకరు పోతారు. ఒక ముసలావిడ నాలుగు ప్రశ్నలు అడిగి, రెండు సంగతులు చూసి, ఫలానావాళ్ల పని అని తేలుస్తుంది.

ఇంగ్లీషువాళ్లు యీ రకాన్ని ‘కోజీ మిస్టరీ’ అంటారు. చలిరాత్రి కుంపటి పక్కన ఒళ్లు వెచ్చబెట్టుకుంటూ చదువుకునే నేరకథ అని దాని భావం. మా నెల్లూరు తీరాన కుంపటి ఎవరికి కావాలి? ఇక్కడ హాయి అంటే సందెవేళ నీళ్లు చల్లిన అరుగు, దానిమీద చాప, తూర్పునుంచి సముద్రపు గాలి. మా జేజి తన కథలన్నీ అరుగుమీద కూర్చునే చెప్పింది. అందుచేత నేను వీటిని అరుగు కథలంటాను. ఆ పేరు పెట్టుకున్న తరవాతనే అందులోని చిక్కు నాకు కనబడటం మొదలయింది. అరుగుమీద ఎవరు కూర్చుంటారో, అరుగు కింద ఎవరు నిలబడతారో మన పల్లెటూళ్లు తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు.

యీ రకం కథలకు పెద్దదిక్కు అగాథా క్రిస్టీ. ఆమె సృష్టించిన మిస్ మార్పుల్ అనే ముసలావిడ మొదటి నవల 1930లో వచ్చింది. అది ఎలాంటి కాలం? నాలుగేళ్ల కిందట, 1926లో, ఇంగ్లండు కార్మికులు సార్వత్రిక సమ్మె చేసి ఓడిపోయారు. 1930 నాటికి నిరుద్యోగం విలయతాండవం చేస్తున్నది. క్రిస్టీ రాసిన సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెలో మాత్రం సమ్మె లేదు, ఆకలి లేదు; తేనీటి విందులూ పూలతోటలూ, వాటి మధ్య ఒక శవం. దొంగ దొరకగానే ఊరు యథాప్రకారం పూలతోటలోకి వెళ్లిపోతుంది. కథ పాఠకుడికిచ్చే హాయి అంతా యీ ‘యథాప్రకారం’లో ఉన్నది. ఆ ప్రకారం ఎవరికి అనుకూలమో అడగకుండా ఉంటేనే ఆ హాయి. మన విమర్శకులు యీ మాట అంటే నేను కాదనను.

కాని యీ రూపంలోనే మరొక గుణం ఉన్నది. ఇంగ్లీషు పల్లెకథలో నేరం జరగగానే అందరూ ముందుగా అనేమాట: ఎవడో దారిన పోయే దేశదిమ్మరి చేసి ఉంటాడు. పోలీసులు కూడా అదే అంటారు. కథ నడిచేకొద్దీ తేలేదేమిటంటే, దేశదిమ్మరి కాదు. చేసినవాడు భోజనాల బల్ల దగ్గరే కూర్చున్నాడు. విల్కీ కాలిన్స్ 1868లో రాసిన ‘మూన్‌స్టోన్’ చూడండి. 1799లో శ్రీరంగపట్నం దోపిడీలో ఒక తెల్ల సైనికాధికారి చేజిక్కించుకున్న వజ్రం ఇంగ్లండులో ఒక జమీందారీ ఇంట్లో మాయమవుతుంది. అనుమానంమీద ముందు ఖైదు చేసింది గారడీవాళ్ల వేషంలో ఉన్న ముగ్గురు భారతీయుల్ని. తీరా వజ్రం కాజేసింది ధర్మసంఘాల్లో పేరుమోసిన ఒక పెద్దమనిషి. సామ్రాజ్యం నడిమధ్యలో కూర్చుని, సామ్రాజ్యపు పాఠకులకోసం రాసిన కథలో కూడా అనుమానం వీధిలోంచి బయలుదేరి నడింట్లోకి వచ్చింది. రచయిత ఉద్దేశం ఏదయినా, రూపానికి ఆ లక్షణం ఉన్నది. నన్ను ఆకర్షించింది అదే.

మరి నెల్లూరు తీరాన ఆ దేశదిమ్మరి ఎవరు? ఇంగ్లీషు పల్లెలో అది ఊళ్లోవాళ్ల అపోహ. ఇక్కడ అది చట్టం.

1871లో ఉత్తర హిందూస్థానానికి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి వర్తింపజేశారు. ఫలానా తెగలో పుట్టినవాడు పుట్టుకతోనే నేరస్థుడని ప్రభుత్వం రిజిస్టరులో రాసుకుంటుంది. అతను పిలిచినప్పుడల్లా హాజరు వేయించుకోవాలి. చెప్పకుండా ఊరు దాటితే అదే నేరం. ఎరుకలవాళ్లు యీ చట్టం కింద నలిగారు. యానాదుల్లో కొందరినీ అది వదలలేదు. గుంటూరు సీమలో స్టూవర్టుపురం సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ నడిపింది. మా జిల్లాలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒకదాన్ని నడిపింది. ఆ ఊరి పేరు, విధివిలాసంగా, కావలి. నెల్లూరి వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మధ్య జీవితకాలం పనిచేసి, యీ చట్టం పోవాలని ఉద్యమం నడిపాడు. 1962లో యానాదుల గూర్చి ఇంగ్లీషులో గ్రంథం రాశాడు. మద్రాసు ప్రభుత్వం 1947లో చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా పోయింది 1952లో. పోయీ పోకముందే, పాత అలవాటు నేరస్థుల చట్టమనే పేరుతో దాని నీడ వచ్చి కూర్చుంది.

ఒక సంగతి డిటెక్టివ్ నవల ప్రియులు గమనించాలి. వేలిముద్ర అనగానే మనకు షెర్లాక్ హోమ్స్ గుర్తుకు వస్తాడు. కాని స్కాట్లండ్ యార్డు వేలిముద్రల శాఖ తెరిచింది 1901లో. అంతకు నాలుగేళ్ల ముందే, 1897లో, కలకత్తాలో అది పనిచేస్తున్నది. ఆ ముద్రల వర్గీకరణకు లెక్క కట్టిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ మనవాళ్లు. పేరుమాత్రం వాళ్ల పై అధికారి హెన్రీకి దక్కింది. 1911 చట్టం, రిజిస్టరులోకెక్కిన తెగలవాళ్ల వేలిముద్రలు తీసుకునే అధికారం ఇచ్చింది. కథల్లో వేలిముద్ర నేరం జరిగిన తరవాత దొరికే ఆనవాలు. మన దేశంలో నేరం జరక్కముందే, మనిషి పుట్టుకను పట్టి, తీసుకున్న ముద్ర అది. యీ తేడా తెలియకుండా నెల్లూరు మండలంలో డిటెక్టివ్ కథ రాయటం సాధ్యం కాదని నా అభిప్రాయం.

ఇప్పుడు మా జేజి కథ చెప్పాలి. నా కథలన్నిటికీ మూలం అదే.

యుద్ధకాలంలో, 1943 ప్రాంతాల మాట. (ఆ యేడే తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి సభ జరిగింది, మా ఊరికి ఆ కబురు చేరలేదు.) జేజికి ఎనిమిదేళ్లు. పుట్టిల్లు బకింగ్‌హాం కాలవకూ సముద్రానికీ మధ్య ఉన్న ఊరు. ఇంట్లో పెళ్లి. తెల్లవారితే ముహూర్తమనగా జేజి వాళ్లమ్మ కాసులపేరు, ఇరవై సవర్లది, భోషాణంలో లేదు. కళ్లంలో వడ్లకు కావలి కాసే యానాది ఒకడున్నాడు. పోయిన సొమ్ముకు కావలివాడు జవాబు చెప్పాలన్నది ఊరి కట్టు. అతన్ని పిలిచారు. అతను అరుగు కిందనుంచే పెరట్లోకి నడిచి, ఇసకలో వంగి, చాలాసేపు చూసి, “యీ అడుగు ఇంట్లోదే సామీ” అన్నాడు.

ఆ మాట అన్నందుకు అతన్ని స్టేషనుకు పంపారు. మూడు రోజులు అక్కడ ఉంచి కొట్టారు. నాలుగోనాడు కాసులపేరు విత్తనాల వడ్లకుండలో దొరికింది. జేజి పెదనాయన అప్పు తీర్చటానికి దాన్ని నెల్లూరులో కుదువ పెట్టాడనీ, గొడవ ముదిరేసరికి విడిపించి తెచ్చి కుండలో పెట్టాడనీ ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. పైకి ఎవరూ అనలేదు.

జేజి దీన్ని నవ్వుతూ చెప్పేది. నవ్వంతా పెదనాయనమీద: ఆయన గాభరా, కుండలో చెయ్యి పెట్టి తడుముకున్న తీరు, వడ్లగింజలు అంటుకున్న మీసం. మేమూ పడీపడీ నవ్వేవాళ్లం. ఇప్పటికీ మా ఇంట్లో కళ్లజోడో తాళంచెవో కనబడకపోతే ఎవరో ఒకరు “అడుగు ఇంట్లోదే” అంటారు. ఒక మనిషి వీపు చిట్లగొట్టించిన వాక్యం మా వంశానికి సామెత అయింది. వారసత్వం అంటే మేడలూ మాన్యాలే కాదు గదా.

కథగా చూస్తే ఎంత నిండుగా ఉందో చూడండి: మూసిన ఇల్లు, పోయిన నగ, దారితప్పిన అనుమానం, ఊహించనిచోట వస్తువు దొరకటం. అపరాధ పరిశోధకుడు కూడా ఉన్నాడు. మొదటి గంటలోనే, ఒక్క చూపుతో నేరాన్ని తేల్చేశాడు. హోమ్స్ అయితే వాట్సన్ చప్పట్లు కొట్టేవాడు. ఇక్కడ అరుగు కింద నిలబడ్డవాడికి నిజం కనిపెట్టే తెలివి ఉండవచ్చు, చెప్పే హక్కు మాత్రం లేదు. నగ తూకం మా ఇంట్లో అందరికీ తెలుసు; అతని పేరు ఎవరికీ తెలియదు.

ఆ చూపు ఎక్కడిది? ఇక్కడే నేను తీరంనుంచి పడమటికి, వెలిగొండల వైపు తిరగవలసి వచ్చింది. యానాదులూ చెంచులూ ఒక మూలంలోంచి వచ్చినవాళ్లేనని కొందరు పండితులు రాశారు. కొండలో తేనే గడ్డలూ వెతికి, జంతువు అడుగును బట్టి దాని వయసూ వేగమూ చెప్పగలిగిన జనం, తీరంలో పీతల బొరియలూ ఎలకల కన్నాలూ చదివారు. శ్రీహరికోట దీవిలో తరతరాలుగా అడవి సరుకు సేకరించి బతికినవాళ్లు వాళ్లే. 1971లో అక్కడినుంచి మొదటి రాకెట్టు లేచింది, వాళ్లు ఆ నేల విడిచి లేచారు. అడుగు చదవటం మంత్రం కాదు, కడుపు నేర్పిన చదువు.

రాపూరు దగ్గర పెంచలకోన మా ఇంటి ఇలవేల్పు నెలవు. హిరణ్యకశిపుణ్ణి చంపిన ఉగ్రంతో కొండలు పట్టి తిరుగుతున్న నరసింహుడు చెంచుపిల్లను చూసి చల్లబడ్డాడనీ, ఓలి ఇచ్చి పెళ్లాడాడనీ, ఆదిలక్ష్మి అలిగి దూరంగా ఉండిపోయిందనీ చెప్పుకుంటారు. ఆమె గుడి వేరుగానే ఉన్నది. ఏటా వైశాఖంలో అక్కడికి వెళ్లి చెంచులక్ష్మికి మొక్కి వచ్చిన కుటుంబమే కొండజాతి మనిషిని మూడు రోజులు స్టేషనులో కొట్టించింది. యీ రెంటికీ పొత్తు కుదరదని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

కొండ సంప్రదాయంలో నేరం గూర్చిన ఆలోచన ఎంత లోతుగా ఉన్నదో ఒక్క ఆచారం చెబుతుంది. నల్లమల చెంచులు కొండచరియకు తాడుకట్టి దిగి తేనెపట్టు కోస్తారు. పైన తాడు కాపాడే పని బావమరిదిది. తోబుట్టువు తాళి తెగటం ఏ తమ్ముడికీ ఇష్టముండదు గదా! హత్యకు కారణం ఎవరికుంటుంది, ఎవరికుండదు అని లెక్క వేసి చూసిన తరవాతే ఇలాంటి నియమం పుడుతుంది. క్రిస్టీ ఎనభై పేజీలు ఖర్చు పెట్టే విచారణ అది.

కాటమరాజు కథ కూడా నాకు యీ దృష్టితోనే కొత్తగా కనిపించింది. కొమ్ములవాళ్లు తరతరాలుగా పాడిన గాథ. తంగిరాల వెంకట సుబ్బారావు వాటిని సేకరించి అచ్చువేయించకపోతే మనకు పుస్తకంగా దక్కేది కాదు. నెల్లూరినేలే నల్లసిద్ధికీ, ఆలమందలతో మేతకు వచ్చిన కాటమరాజుకూ పుల్లరి దగ్గర పోరు వచ్చింది. మన పాఠ్యపుస్తకాలు ఖడ్గతిక్కన పౌరుషం చెప్పి ఊరుకుంటాయి. పోరుకు నిప్పు అంటించింది ఒక చిలక. నల్లసిద్ధి ఉంపుడుకత్తె కుందమాదేవి చిలకను చూసి ఆవులు బెదిరాయి. గొల్లలు దాన్ని కొట్టి చంపారు. పగబట్టి ఆమె వేటగాళ్లను పంపి ఆవులను చంపించింది. చంపించినది అంతఃపురం, చంపిన చెయ్యి వేటగాడిది. ఇలాంటి కేసు మా ఊళ్లో జరిగితే స్టేషనుకు వెళ్లేది ఎవరో వేరే చెప్పాలా?

వీటన్నిటినుంచీ నేను నా పరిశోధకురాలిని తయారు చేసుకున్నాను. ఆమె యానాది ముసలమ్మ. వేళ్లూ ఆకులూ అమ్ముకుంటూ మైపాడునుంచి కృష్ణపట్నం దాకా తీరం వెంట తిరుగుతుంది. ఆమెను చూస్తూనే ఎవరూ మాట ఆపరు, ఎందుకంటే ఎవరూ ఆమెను లెక్కలోకి తీసుకోరు. మిస్ మార్పుల్‌కూ అదే బలం. కాకపోతే ఆ ఇంగ్లీషు ముసలమ్మను ముసలిదని లెక్కచెయ్యరు, మా అవ్వను మనిషేనని లెక్కచెయ్యరు. రొయ్యల గుంట పట్టుబడికి రెండు రోజుల ముందు సరుకు దొంగలుపోయిన కథ ఒకటి రాశాను. కావలి కుర్రవాణ్ణి చెట్టుకు కట్టేశారు. అవ్వ గట్టుమీద అడుగులు చూసింది, ఏరేటర్లు ఆగిన వేళ అడిగింది, చందమామను బట్టి ఆటుపోటు లెక్కవేసింది. పీతలు పట్టి బతికినవాళ్లకు ఆటుపోటు తెలియటంలో వింత ఏమీ లేదు.

యీ చోటున రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఒకటి, కొండజాతి మనిషికి దివ్యదృష్టి అంటగట్టటం. యానాదులు డప్పు కొట్టి రంగం చెప్పటం ప్రసిద్ధమే. అవ్వకు పూనకం తెప్పించి దొంగ పేరు చెప్పిస్తే పాఠకుడు ఒళ్లు జలదరించి మెచ్చుకుంటాడు. ఒక పత్రికా సంపాదకుడు నన్ను అలాగే మార్చమన్నాడు కూడా. నేను మార్చలేదు. పుట్టుకతో నేరస్థుడు అన్నదీ, పుట్టుకతో మహిమ గలవాడు అన్నదీ ఒకే రిజిస్టరులో రెండు పేజీలు.

రెండోది ఇంకా గట్టి చిక్కు. నిజం తేలింది సరే, అవ్వ దాన్ని ఎవరికి చెప్పాలి? మిస్ మార్పుల్ చెబితే స్కాట్లండ్ యార్డు మాజీ అధికారి వింటాడు. అవ్వ స్టేషను గుమ్మం ఎందుకు ఎక్కుతుంది? అందుచేత నా కథలు పోలీసు బేడీలతో ముగియవు. ఆమె పదిమంది వినేటట్టు, నీళ్ల బావి దగ్గరో చావడి దగ్గరో, తెలియనిదానిలా ఒక ప్రశ్న వేసి పోతుంది. ఊరు సిగ్గుపడితే పడుతుంది, లేకపోతే లేదు. ఇది వాస్తవికతకు దగ్గరే అనుకుంటున్నాను. కాని కొందరు పాఠకులు, దొంగకు శిక్ష పడలేదని కోప్పడి ఉత్తరాలు రాశారు.

వాళ్లకన్నా సూటిగా అడిగినవాడు నా విద్యార్థి ఒకడు, యానాది కుర్రవాడు. కాసులపేరు సంగతిని కథగా రాసి తరగతిలో చదివాను. అందులో అవ్వ నాలుగోనాడు వచ్చి వడ్లకుండ రహస్యం విప్పుతుంది. తరగతి నవ్వింది. అతను నవ్వలేదు.

“దొంగెవురో తెలిసిపోయింది గదా సార్,” అన్నాడు, “మరి ఆ కావలాయన్ని కొట్టిందాని సంగతేంది? అది యెవురూ కనుక్కోరా?”

వస్తువు దొరికితే డిటెక్టివ్ కథకు పని అయిపోతుంది. తప్పు అనుమానం తొలగిపోవటమే నిర్దోషికి బహుమానమని ఆ రూపం అనుకుంటుంది. దెబ్బలు దాని లెక్కలో లేవు. అక్టోబరు 2024లో సుప్రీంకోర్టు, జైళ్లలో ఖైదీలకు కులాన్ని బట్టి పని అప్పగించే మాన్యుయళ్లను కొట్టివేస్తూ, ఒకప్పుడు నేరస్థ తెగలనిపించుకున్నవాళ్లకు ఆ ముద్ర ఇంకా అంటుకునే ఉన్నదని చెప్పవలసి వచ్చింది. చట్టం పోయి డెబ్బై రెండేళ్లయిన తరవాతి మాట ఇది. ఆ కుర్రవాడి ప్రశ్న అంతకంటె చిన్న ప్రశ్నేమీ కాదు.

కథను మళ్లీ రాస్తున్నాను. యీసారి కాసులపేరు మొదటి పేజీలోనే దొరుకుతుంది; పెదనాయన పేరు రెండో పేజీలో తెలిసిపోతుంది. అక్కడినుంచి అవ్వ వెతికేది మరొకటి: స్టేషనుకు నడిచివెళ్లిన మనిషి ఎవరు, ఏ రాత్రి విడిచిపెట్టారు, కాలవ దాటి ఎటు పోయాడు. ఆధారాలు తక్కువ. మా జేజి లేదు. ఆమె అక్క, మా పెద్దజేజి, తొంభై దాటి కూడా జ్ఞాపకం చెడకుండా ఉన్నది. పెళ్లినాటికి పదేళ్ల పిల్ల. మొన్న సంక్రాంతికి వెళ్లి అడిగాను. పెళ్లికి వండిన వంటలు వరసగా చెప్పింది. మేళం ఏ ఊరిదో చెప్పింది. కావలివాడి పేరు అడిగితే కాసేపు కళ్లు మూసుకుంది.

“కావలోడనే పిలిచేవాళ్లం నాయనా,” అన్నది. “వాడికొక ఆడబిడ్డ ఉండేది. నా ఈడుదే. మూడు దినాలూ మన వాకిట్లో, అరుగు కింద కూర్చునుండాది.”

ఆ పిల్ల పేరేమిటని అడిగాను. అది మాత్రం ఆమెకు తెలుసు.